ఆరో బాణం

2010 జూలైలో నన్ను వర్క్‌షాపు డ్రాయింగ్ రూము నుంచి గోదావరిఖనిలోని మా బొగ్గు గనుల కంపెనీ ఏరియా ఆఫీసుకు, సివిల్ విభాగంలోకి మార్చారు. హోదా మారలేదు: సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్. నేను ఆడమనిషిని. అయినా కంపెనీ కాగితాల్లో ఉద్యోగ విరమణ రోజు దాకా ‘మన్’గానే ఉన్నాను. ఈ పని బయటివాళ్లకు అంతగా తెలియదు. ఇంజనీరు మనసులో ఉన్న గోడనో, గేటునో, కన్వేయర్ చట్రాన్నో కొలతలతో కాగితం మీదకు తేవడం మా వృత్తి. మేం గీసినదాని కింద నలుగురు అధికారులు సంతకాలు చేస్తారు. గీసినవాళ్ల పేరు మూలన చిన్న గడిలో ఉంటుంది. తప్పు దొరికిన రోజు అందరి చూపూ ఆ గడి మీదకే పోతుంది.

మా నాన్న రామకృష్ణాపూర్ గనిలో ట్రామర్, అంటే బొగ్గు టబ్బులు తోసే కార్మికుడు. ఆదివారం చర్చికి వెళ్లే దారిలో, పట్టాలు తప్పిన టబ్బుకు ఎక్కడ భుజం పెడితే లేస్తుందో చెబుతూ నడిచేవాడు. తర్వాత ఐటీఐలో అదే సంగతి బాణం గుర్తులతో చెప్పారు. ఆ బాణాల విద్య ఉద్యోగంలో పెద్దగా అవసరపడలేదు. అవసరపడినప్పుడు మాత్రం నా చేత ఘనమైన తప్పు చేయించింది. ఆ సంగతే ఇది.

మా ఆఫీసు పాతకాలపు మేడ. ఆ వానాకాలం కింది అంతస్తులో పర్సనల్ విభాగం గదిలోకి నీళ్లు ఊరడం మొదలైంది. పర్సనల్ అంటే కార్మికుల సర్వీసు వ్యవహారాలు చూసే విభాగం. వేల మంది పుట్టిన తేదీలు, చేరిన తేదీలు, సెలవులు, శిక్షలు అన్నీ అక్కడి బీరువాల్లో ఉండేవి. వాటిని మేడ మీదకు మార్చమని జనరల్ మేనేజరు ఉత్తర్వు ఇచ్చారు. అందులో ‘బీరువాలను యథాతథంగా పైకి చేర్చవలెను’ అని ఉంది. యథాతథం అంటే లోపలి రిజిస్టర్లు తీయకుండా అని అందరూ అర్థం చేసుకున్నారు. కాంట్రాక్టరు కూలీలు అలాగే, నిండు గర్భిణుల్లాంటి బీరువాలను ఒక్కొక్కటే మోశారు. చివరిది మెట్ల మలుపు దగ్గర ఉండగా బంద్ వాళ్లు వచ్చారు.

ఆ ఏడాది తెలంగాణ కోసం బంద్‌లు ఎక్కువ. జెండాలతో వచ్చినవాళ్లు, “అందరు బయటికి రండ్రి! ఎక్కడియి అక్కడ్నే ఇడ్సి రండ్రి!” అని కేకేశారు. కూలీలు ఆ మాటను అక్షరాలా పాటించారు. మర్నాడు తిరిగి రాలేదు. నాట్లు మొదలయ్యాయి, పొలాల్లోకి వెళ్లిపోయారు.

బీరువా నిలిచిన తీరు చెప్పాలి. కాళ్లు మెట్ల మీద, ఒళ్లు వెనక్కి వాలి, తలుపులున్న ముఖం పక్క గోడకు అతుక్కుని, తల పై అంతస్తు మెట్లు మోసే దూలం కిందికి చొచ్చుకుని ఉంది. తలుపు గోడవైపు ఉండటంతో తెరవడానికి వీల్లేదు. ఎనిమిదిమంది అటెండర్లు కలిసి నెట్టారు. కదలలేదు. వెనక రేకు గ్యాసుతో కోద్దామంటే లోపల కాగితాలున్నాయి, అంటుకుంటాయి. గోడ పగలగొడదామంటే మా విభాగం ఒప్పుకోలేదు. మేడ బరువంతా ఆ గోడ మీదే ఉంది.

సన్నగా ఉన్నవాళ్లం పక్క నుంచి అడ్డంగా తిరిగి మేడెక్కేవాళ్లం. పర్సనల్ మేనేజరు సత్యమూర్తి గారు స్థూలకాయులు. ఆయన పట్టలేదు. రెండు రోజులు ప్రయత్నించి, ఆ తర్వాత కింద వాచ్‌మన్ గదిలో కుర్చీ వేయించుకున్నారు. వారం తిరిగేసరికి ఆయన పేరు బోర్డు కూడా వాచ్‌మన్ గదికి వచ్చేసింది. జనం బీరువాకు అలవాటుపడ్డారు. గొడుగులు, హెల్మెట్లు మోయడానికి దాని పక్కన ఉన్న పిడికి తగిలించేవాళ్లు. ఎవరో దాని వీపు మీద యూనియన్ మీటింగు పోస్టరు అంటించారు.

ఇబ్బంది పడింది ఒక్క పోచయ్య.

పోచయ్య భూగర్భ గనిలో సపోర్టుమన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, పని అయ్యాక వాటిని పీకడం ఆయన పని. గనిలో ఇంతకన్నా ప్రమాదకరమైన పని లేదు. మా నాన్న దగ్గర కొత్తగా చేరిన రోజుల్లో కొన్నాళ్లు పనిచేశాడు. అందుకని నన్ను చెల్లె అనేవాడు, నేను అన్న అనేదాన్ని. ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, సాయంత్రం నాలుగింటికల్లా వచ్చి బీరువా కింది మెట్టు మీద కూర్చునేవాడు. మూడో రోజు అడిగాను, ఏమిటన్నా అని.

“నా పుట్టిన తేది దీంట్ల ఉన్నది చెల్లె,” అన్నాడు. “కంప్యూటర్ల నన్ను రెండేండ్లు ముందుగల పుట్టించిన్రు. ఆగస్టు ఆఖరుకు దిగిపొమ్మని కాయితం అచ్చింది. అసలు రిజిస్టరు సూపెడ్తె ఆపుతరట.”

“ఇంకో మార్గం లేదా?”

“ఉంటె గీడ ఎందుకు కూసుంట? నన్ను కన్న అవ్వ మంచాన వడ్డది. కంపెనీ దవాఖాన కార్డు నా నౌకరి మీదనే నడుస్తది. నౌకరి పోతె కార్డు పోతది. కార్డు పోతె...” అని ఆగి, బీరువా వైపు చూశాడు. “గిది కదిలితె సాలు.”

అలా జూలై గడిచింది. ఆగస్టు మొదటి వారంలో మా సూపరింటెండింగ్ ఇంజనీరు వామనరావు గారు నన్ను పిలిచారు. ఆయన పద్ధతి మనిషి. ఇంట్లో గడియారానికి కీ ఇచ్చినా డైరీలో రాసుకుంటారని చెప్పుకునేవాళ్లు. ఎందరు నెట్టాలి, ఎంత బలం కావాలి అన్నది ఊహ మీద తేల్చకూడదనీ, బీరువా మీద పనిచేసే బలాలను శాస్త్రీయంగా గీసి ఇస్తే దాన్నిబట్టి చైన్ బ్లాక్ తెప్పిద్దామనీ అన్నారు. చైన్ బ్లాక్ అంటే గొలుసుతో బరువులు లాగే కప్పీ.

ఐటీఐలో నేర్చిన బొమ్మను బయటికి తీశాను. దాన్ని ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటారు. తెలుగు పుస్తకాల్లో స్వేచ్ఛా వస్తు పటం అని ఉంటుంది. ఒక వస్తువు ఎందుకు కదులుతుందో, ఎందుకు కదలదో తెలియాలంటే చుట్టూ ఉన్న లోకాన్ని కాగితం మీద నుంచి తుడిచేయాలి. గోడ, మెట్టు, తాడు, మనుషులు ఏవీ గీయకూడదు. వస్తువును ఒంటరిగా ఒక పెట్టెలా గీసి, తుడిచేసిన ప్రతిదాని బదులు ఒక బాణం పెట్టాలి. బలం ఎటు పనిచేస్తే బాణం ముక్కు అటు. ఎంత బలమో అంత పొడవు.

టేపు పట్టుకుని మలుపు కింద నిలబడి ఒక గంట కొలిచాను. ఐదు బాణాలు వచ్చాయి. బీరువా బరువు, నిట్టనిలువుగా కిందికి. మెట్టు దాన్ని తిరిగి నెట్టే బలం, పైకి. దీన్ని అభిలంబ బలం అంటారు. గోడ నెట్టే బలం, పక్కకు. తాడు కట్టి లాగితే వచ్చే తన్యత, మెట్ల వాలు వెంట మీదికి. ఆ లాగుడుకు అడ్డుపడే ఘర్షణ, వాలు వెంట కిందికి. దూలానికీ బీరువా తలకూ మధ్య ఖాళీ ఉన్నట్టే నాకు కనిపించింది. అవతలి మూల చీకటిగా, బూజు పట్టి ఉంది. కొలిచేటప్పుడు నేను ఆ మూల దాకా మెట్లెక్కి చూడలేదు. ఇది రాసి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది.

బొమ్మ జనరల్ మేనేజరు దాకా వెళ్లింది. ఆయన మెచ్చుకుని, అంచు మీద ‘సంబంధిత శాఖల అంగీకారం తీసుకొనవలెను’ అని రాశారు. అంటే ఒక్కో బాణానికీ ఒక శాఖ బాధ్యత వహించి సంతకం పెట్టాలి.

మెట్టు, గోడ సివిల్ విభాగానివి. వామనరావు గారు ఒక రోజంతా ఆలోచించి, రెండూ మన మీదే వేశారేమిటని నన్ను అడిగి, పెట్టారు. తాడు వర్క్‌షాపుది. తాడు లాగుట వరకే తమ బాధ్యత, బీరువా వచ్చుట తమ బాధ్యత కాదు అని షరతు రాసి వాళ్లు పెట్టారు. ఘర్షణ దగ్గర ఫైలు తొమ్మిది రోజులు ఆగింది. తాము ఇచ్చినప్పుడు బీరువా కాళ్లు నున్నగానే ఉన్నాయని స్టోర్స్ వాళ్లు రాశారు. మెట్ల బండలు నున్నగానే ఉన్నాయని మా విభాగం రాసింది. రెండూ నున్నగా ఉంటే ఘర్షణ ఎక్కడి నుంచి వచ్చిందని జనరల్ మేనేజరు ఆఫీసు ప్రశ్న వేసింది. చివరికి జారిపడటం అనే విషయం తమ పరిధిలోదే కాబట్టి సేఫ్టీ ఆఫీసరు ముందుకొచ్చారు. అయితే ఘర్షణ భద్రతకు మంచిది, దాన్ని తగ్గించే ఏ ప్రయత్నానికీ తాము ఒప్పుకోము అని రాసి మరీ సంతకం చేశారు.

బరువు మిగిలింది. అది దేని వల్ల అని సత్యమూర్తి గారు వాచ్‌మన్ గదిలోంచి అడిగించారు. భూమి ఆకర్షణ వల్ల అని చెప్పాను.

“భూమి ఎస్టేట్స్ వాళ్లది కదమ్మా,” అన్నారాయన వెంటనే. “ఫైలు అటు పంపండి.”

ఎస్టేట్స్ అంటే కంపెనీ భూముల లీజులు, సర్వే నంబర్లు చూసే శాఖ. ఆ అధికారి అనుభవజ్ఞుడు. మూడు రోజులు రికార్డులు తిరగేసి, ‘సదరు భూమి కంపెనీ స్వాధీనంలోనిదే. ఆకర్షణకు సంబంధించి ఈ కార్యాలయంలో ఎట్టి రికార్డూ లేదు. అభ్యంతరం లేదు’ అని రాసి సంతకం పెట్టారు. నా సర్వీసులో భూమి తరఫున ఒక మనిషి సంతకం చేయడం ఆ ఒక్కసారే చూశాను.

ఐదు సంతకాలూ పడ్డాక ఒక సర్క్యులర్ వచ్చింది. బీరువాకు గొడుగులు, హెల్మెట్లు తగిలించరాదు. అది ఆమోదిత డ్రాయింగులోని బరువుకు విరుద్ధం.

ఈ లోపల ఇంకో ఉపద్రవం జరిగింది. ఫైలు పేరును టైపిస్టు కుదించి ‘మెట్ల మీది ఫ్రీ బాడీ: తొలగింపు’ అని కొట్టాడు. ఫైళ్లు మోసే అటెండరు ఆ పేరును టీ కొట్టులో చదివాడు. గని ఊళ్లో ‘బాడీ’ అన్న మాటకు ఒకటే అర్థం. ఎక్కడో కప్పు కూలి, ఎవరో పోయి, శవాన్ని ఇవ్వకుండా ఆపారన్నమాట. మధ్యాహ్నానికి ఆఫీసు ముందు రెండు వందల మంది పోగయ్యారు. కాలనీల నుంచి ఆడవాళ్లు ఏడుస్తూ వచ్చారు. దవాఖాన నుంచి అంబులెన్సు వచ్చి గేటు దగ్గర ఆగింది. యూనియన్ కార్యదర్శి ముందు నిలబడి, “బాడీని జల్ది ఇయ్యాలె! నెల రోజులసంది మెట్ల మీద పెడ్తరా?” అని గర్జించాడు.

సత్యమూర్తి గారు వాచ్‌మన్ గది కిటికీలోంచి అరిచారు. “అది బాడీ కాదయ్యా, బీరువా!”

“బీరువల పెట్టిన్రా బాడీని!” అని కార్యదర్శి ఇంకా గట్టిగా అరిచాడు. జనం ఒక్క అడుగు ముందుకు వేశారు.

నేను బొమ్మ పట్టుకుని కిందికి పరిగెత్తాను. అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన పోచయ్య నా పక్కన నిలబడ్డాడు. ఆయన్ను అందరూ ఎరుగుదురు. “అన్నలాల, ఎవ్వలు పోలే! డబ్బ ఇరికింది, గంతే. నేను రోజు దాని పొంటే కూసుంటున్న,” అన్నాడు. కార్యదర్శి బొమ్మను తీసుకుని ఎంతోసేపు చూశాడు. చివరికి అతని కోపానికి చోటు దొరికింది.

“గిండ్ల కార్మికుని బలం ఏది మేడం? అన్ని మేనేజ్‌మెంటు బాణాలే ఉన్నయి.”

తాడు చివర లాగేది కార్మికులేనని చెప్పాను. అయితే రాయమన్నాడు. జనం చూస్తుండగా తాడు బాణం తోక దగ్గర ‘కార్మికులు’ అని రాశాను. ఫ్రీ బాడీ బొమ్మలో మనుషుల్ని చూపించకూడదన్న నియమం అక్కడ తప్పింది గాని, గుంపు చెదిరింది.

ఆగస్టు ఇరవై ఏడున వర్క్‌షాపు వాళ్లు చైన్ బ్లాక్ తెచ్చి మేడ మీది స్తంభానికి కట్టి లాగారు. నా లెక్క ప్రకారం బీరువా నింపాదిగా రావాలి. గొలుసు బిగిసింది. బీరువా మూలిగింది. ఇంకా లాగారు. దూలం నుంచి సున్నం పెళ్లలు రాలి వామనరావు గారి భుజం మీద పడ్డాయి. సేఫ్టీ ఆఫీసరు చెయ్యి ఎత్తి ఆపేశారు. బీరువా వెంట్రుక వాసి కూడా జరగలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. మూలన గడిలో ఉన్నది నా పేరు. వామనరావు గారు సున్నం దులుపుకుని, డ్రాయింగును నాలుగు శాఖలు ఆమోదించాయి కాబట్టి డ్రాయింగులో తప్పుండే అవకాశం లేదన్నారు. మరి తప్పెక్కడ ఉంది అని ఎవరూ అడగలేదు. అందరూ బీరువా వైపు కోపంగా చూసి వెళ్లిపోయారు. పోచయ్యకు నాలుగు రోజులు మిగిలాయి.

అందరూ వెళ్లాక ఆయన లేచాడు. గనిలో కప్పును పరీక్షించడానికి కర్రతో కొట్టి వింటారు. గట్టి కప్పు ఖంగున మోగుతుంది. విడిపోవడానికి సిద్ధంగా ఉన్నది మొద్దుగా పలుకుతుంది. ఆయన చేతికర్రతో బీరువాను కింది నుంచి కొట్టుకుంటూ, మెట్లెక్కుతూ, తల దాకా వెళ్లాడు. అవతలి మూల కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

“చెల్లె, గిది మోగుతలేదు. పైకెల్లి వట్టింది. దూలం దీని నెత్తి మీద కూసున్నది.”

“ఖాళీ ఉందన్నా. నేను చూశాను.”

“సూసినవు. ముట్టుకున్నవా?”

మెట్లెక్కి, బూజులోకి చెయ్యి పెట్టాను. రేకూ సిమెంటూ కరుచుకుని ఉన్నాయి. చేతిలో ఉన్న డ్రాయింగు నకలు అంచును దూర్చి చూశాను. కాగితం దూరలేదు. దూలం బీరువాను కిందికి నొక్కుతోంది. ఆ నొక్కుడుకు మెట్టు మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే ఘర్షణ పెరుగుతుంది. పైకి లాగినకొద్దీ తల దూలంలోకి దిగి ఇంకా బిగుస్తుంది. మొత్తం ఆరు బాణాలు. ఆరోదాన్ని నేను గీయనేలేదు.

పోచయ్య బోర్లా పడుకుని, నా ఫోను వెలుగులో బీరువా కాళ్ల కింద వెతికాడు. అక్కడ మణికట్టు లావు చెక్క ఆప్పు, అంటే సందులో బిగించే చీల, ఉంది. బంద్ రోజున బీరువా కిందికి జారకుండా కూలీలు దోపి, సుత్తితో కొట్టి వెళ్లారు.

“ఇగో. దుంగకు ఆప్పు గొట్టి కప్పుకు బిగిస్తం సూడు, గీళ్లు గట్లనే బిగించిన్రు. ఇది బీరువ గాదు చెల్లె. సపోర్టు అయింది.”

మర్నాడు సవరించిన బొమ్మ పట్టుకుని వామనరావు గారి ముందు నిలబడ్డాను. ఆయన ముఖం పాలిపోయింది. మొదట, బీరువా ఇప్పుడు మేడకు సపోర్టు అయితే దాన్ని తీస్తే మేడ ఉంటుందా అని అడిగారు. ముప్పై ఏళ్లు అది లేకుండానే ఉంది సార్ అన్నాను. తర్వాత ఫైలు తిరగేశారు. ఆరో బాణం చేరిస్తే అది కొత్త డ్రాయింగు అవుతుంది. నాలుగు శాఖలూ మళ్లీ సంతకాలు చేయాలి. ఎస్టేట్స్ అధికారి సెలవులో ఉన్నారు, వచ్చే నెల గాని రారు. అప్పటిదాకా భూమి తరఫున సంతకం చేసేవాళ్లు లేరు.

ముప్పై ఒకటో తారీఖు సాయంత్రానికి పోచయ్య పేరు హాజరు మస్టరులోంచి పోతుంది. మధ్యలో వచ్చిన ఆదివారం ప్రార్థనలో కూడా నాకు ఆప్పు తప్ప వేరే ఏమీ తోచలేదు. పాస్టరు గారు ఏ వాక్యం చదివారో గుర్తులేదు. సోమవారం పొద్దున్నే వెళ్లి ఇలా అడిగాను.

“సార్, ఆ చెక్క ముక్క ఆమోదించిన డ్రాయింగులో లేదు కదా?”

“లేదు.”

“లేనిదాన్ని తీస్తే డ్రాయింగుకు భంగం ఉండదు కదా?”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “లేనిదాన్ని తీయడానికి నా అనుమతి ఎందుకు మేడం?” అన్నారు. జీపు పిలిపించుకుని, జైపూర్ వైపు ఏదో సైటు చూడాలని వెళ్లిపోయారు. ఆయనను ఎందరో విమర్శించేవారు. ఆ పూట వెళ్లిపోవడం ఆయన చేసిన మేలని నా అభిప్రాయం.

పోచయ్య షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. వెంట ఇద్దరు సపోర్టు పనివాళ్లు, రెండు పొట్టి దుంగలు. అప్పటిదాకా నాకు హాస్యంగానే తోచిన వ్యవహారం ఆయన పని మొదలుపెట్టాక హాస్యంగా లేదు. ఆప్పు తీయగానే బీరువా మెట్ల మీదుగా కిందికి దూకవచ్చు. దాని దారిలో ఉన్న మనిషి మిగలడు. ఆయన కింది మెట్ల మీద రెండు దుంగలూ అడ్డుగా బిగించాడు. ఆప్పుకు తాడు కట్టి, కొసను గోడ మలుపు చుట్టూ తిప్పి, ఎదురుగా కాకుండా పక్కన నిలబడే చోటు చూసుకున్నాడు. అందరినీ వరండాలోకి పంపాడు. సత్యమూర్తి గారు వాచ్‌మన్ గది తలుపు వేసుకున్నారు.

“నువ్వు పైమెట్టు మీద ఉండు చెల్లె. నెత్తి కాడ కాయితం వెట్టు. దూరితె చెప్పు. దూరకపోతె కదలకు, మాట్లాడకు.”

“భయమైతలేదా అన్నా?”

“రోజు చేసేదే. కాకుంటె గీడ వెలుగున్నది.”

మొదటిసారి లాగాడు. ఏమీ కాలేదు. కర్రతో మళ్లీ బీరువాను కొట్టి విన్నాడు. తాడు కొద్దిగా పక్కకు మార్చి, రెండోసారి ఒక్క గుంజు గుంజాడు. ముసలాయన దగ్గినట్టు ఒక చప్పుడు. ఆప్పు ఎగిరి గోడకు తగిలింది. బీరువా ఒక్క అంగుళం కిందికి దిగి, దుంగల మీద ధన్‌మని ఆనింది. నా మీద సున్నం రాలింది. చేతిలోని కాగితం, ఐదు సంతకాల నకలు, దూలానికీ రేకుకూ మధ్య నుంచి సునాయాసంగా అటు వెళ్లిపోయింది.

“దూరింది!” అని అరిచాను. పైకి చేర్చవలసిన వస్తువును మొదట కిందికి దించాల్సి వచ్చింది. ఉత్తర్వులో ఎక్కడా ఆ మాట లేదు.

తర్వాత, మేడ మీద అలాగే ఉన్న చైన్ బ్లాకు గొలుసును మళ్లీ తగిలించి ఇద్దరు తేలిగ్గా తిప్పితే పది నిమిషాల్లో బీరువా మేడెక్కింది. నెలన్నర తర్వాత సత్యమూర్తి గారు మెట్లెక్కారు, ఆయాసపడుతూ, తాళంచెవి చేత పట్టుకుని. రిజిస్టరు మూడో అరలో ఉంది. పోచయ్య చేరిన రోజున డాక్టరు పళ్లు చూసి ‘చూపునకు ఇరవై ఒక్క ఏండ్లు’ అని రాసి ఉన్నాడు. రూలు ప్రకారం ఆ పరీక్ష తేదీనే పుట్టిన రోజుగా పట్టుకుని లెక్కవేస్తారు. సత్యమూర్తి గారు రెండుసార్లు లెక్కవేశారు. కంప్యూటరు చెప్పింది తప్పు. పోచయ్య చెప్పిందీ తప్పే. ఆయనకు రెండేళ్లు కాదు, పద్నాలుగు నెలలు మిగిలాయి.

“అంటె నేను సుత తప్పుడు తారీఖునే పుట్టిన,” అన్నాడు పోచయ్య. కాసేపు రిజిస్టరు వైపు చూసి, “పద్నాలుగు నెలలు తక్కువేం గాదు. అవ్వకు చెప్పొస్త,” అని దుంగలు భుజాన వేసుకుని దిగిపోయాడు. వాళ్లవ్వ ఆ మరుసటి వేసవిలో పోయింది, కంపెనీ దవాఖాన మంచం మీదే. ఆయన తన పద్నాలుగు నెలలూ పూర్తి చేసి దిగిపోయాడు.

ఫైలు ముగింపు కూడా చెప్పాలి. ఆమోదిత డ్రాయింగు ప్రకారం బీరువా విజయవంతంగా తరలించబడిందని నివేదిక వెళ్లింది. ఆప్పు గురించి గాని, దూలం గురించి గాని అందులో ఒక్క అక్షరం లేదు. ఐదు బలాలనూ శాస్త్రీయంగా గుర్తించినందుకు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. పోచయ్య పేరు ఎక్కడా రాలేదు. సెలవు నుంచి తిరిగివచ్చిన ఎస్టేట్స్ అధికారి, బీరువా తరలింపు పూర్తయినందున భూమి తరఫున తాను చేసిన సంతకం రద్దయినట్టేనా అని స్పష్టత కోరారు. దానికి జవాబు వెళ్లినట్టు నాకు గుర్తులేదు.

రాష్ట్రం వచ్చిన తర్వాత నన్ను శిక్షణ కేంద్రానికి వేశారు. విరమించేదాకా అప్రెంటిసులకు డ్రాయింగు చెప్పాను. ఫ్రీ బాడీ బొమ్మ పాఠం వచ్చిన రోజు మొదటి గంట పెన్సిలు ముట్టనిచ్చేదాన్ని కాదు. ఒక స్టూలును గోడకు వాల్చి, దాని చుట్టూ చెయ్యి తిప్పి, దాన్ని ఏమేమి తాకుతున్నాయో లెక్కపెట్టమనేదాన్ని. తాకే ప్రతిదానికీ ఒక బాణం ఉండాలి. మా పనిలో తాకకుండా లాగేది భూమి ఒక్కటే, దానికి ఒకటి. లెక్క సరిపోయాకే గీయాలి. వస్తువు కదలకపోతే బలం పెంచకూడదు, లెక్క మళ్లీ చూసుకోవాలి.

ఆ బీరువాకు నేను మొదట ఐదు గీశాను, చెయ్యి పెట్టాక ఆరు గీశాను. కొన్నేళ్ల తర్వాత ఒక తరగతిలో అదే బొమ్మను నల్లబల్ల మీద వేస్తుంటే ఒక అమ్మాయి లేచి, ఆప్పు కూడా బీరువాను తాకుతోంది కదా మేడం, దాని బాణమేదీ అని అడిగింది. ఆమె చెప్పింది నిజం. బాణాలు ఏడు.